గచ్చు చల్లగా లేదు

మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో హీట్ ట్రాన్స్‌ఫర్ అని ఒక పేపరుంటుంది. అందులో మొదటి యూనిట్ కండక్షన్. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి ఉష్ణవహనం. ఒంగోల్లో ఆ పేపరు రాసి పాసై, అందరిలాగే హైదరాబాదొచ్చి సాఫ్ట్‌వేర్‌లో పడ్డాక, ఆఫీసులో దాంతో నాకు ఒక్కసారి కూడా పని పడలేదు. పడిందల్లా సెలవులకి సింగరాయకొండ వెళ్ళినప్పుడే.

మే నెల మధ్యాహ్నం అక్కడ రైలు దిగేటప్పుడు తలుపు పక్కనుండే ఇనప రాడ్డు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. అదే చెయ్యి భుజాన్నున్న సంచి గుడ్డపట్టీ మీద ఉంటే ఏమీ తెలీదు. రెండూ ఒకే పెట్టెలో, ఒకే వేడిగాల్లో విజయవాడ నుంచి వచ్చినవే. థర్మామీటరు ఆనించి చూస్తే రెండూ దాదాపు ఒకటే. డిసెంబరు తెల్లవారుజామున దిగితే కథ తిరగబడుతుంది. రాడ్డు జిల్లుమంటుంది, పట్టీ మాత్రం మామూలే.

మన చర్మం సాధారణంగా 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెల రాడ్డు అంతకంటే వేడి, కాబట్టి వేడి చేతిలోకొస్తుంది. ఇనుము మంచి వాహకం. చెయ్యి ఆనిన చోట ఖాళీ అయిన వేడిని లోపల్నుంచి వెంటనే తెచ్చి నింపుతుంది, మళ్ళీ ఇస్తుంది, మళ్ళీ నింపుతుంది. గుడ్డ అట్లా చెయ్యలేదు. పైపొరలో ఉన్న కాస్తా ఇచ్చేసి చేతులెత్తేస్తుంది. డిసెంబరులో ఇదే వ్యాపారం ఎదురు దిక్కులో జరుగుతుంది. చేతికి ఉష్ణోగ్రత కొలవడం పెద్దగా రాదు. తనలోకి వేడి ఎంత జోరుగా వస్తోంది, తన్నుంచి ఎంత జోరుగా పోతోంది, ముఖ్యంగా అదే దానికి తెలుస్తుంది. ఈ సంగతి కాలేజీలో ఎవరూ ఇట్లా చెప్పలేదు. బోర్డు మీద ఒక సమీకరణం రాసి, దాని ముందు మైనస్ గుర్తు మర్చిపోతే అరమార్కు పోతుందని చెప్పారు. ఆ మైనస్ అర్థం, వేడి ఎప్పుడూ పల్లానికే పోతుందని. ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకి.

నాయనమ్మకి ఇదంతా వంటింట్లో తెలుసు. సత్తు గిన్నెలో చారు పెట్టి, కొయ్య తెడ్డుతో కలిపి, మసిగుడ్డతో దించేది. ఒకసారి మా చెల్లి గిన్నె దించబోతూ పక్కన తడిగా పడున్న గుడ్డ తీసుకుంటే నాయనమ్మ దాని చేతిలోంచి లాక్కుంది. "తడిగుడ్డతో పట్టుకుంటే కాలుద్ది పిల్లా, పొడిది తీసుకో." తడిది కదా, చల్లగా ఉండాలి కదా అని చెల్లి వాదన. చల్లగానే ఉంటుంది, ఒకటి రెండు క్షణాలు. గుడ్డ మన చేతిని కాపాడేది నూలుతో కంటే నూలు పోగుల మధ్య ఇరుక్కున్న గాలితో. కదలకుండా ఉన్న గాలికి వేడిని మోసే శక్తి చాలా తక్కువ. ఆ సందుల్లోకి నీళ్ళొచ్చి కూర్చుంటే, నీళ్ళు గాలికంటే ఇరవై రెట్లకు పైగా బాగా వేడిని మోస్తాయి. సత్తు గిన్నె వేడి సూటిగా వేళ్ళలోకి దిగుతుంది.

అంకెలు ఇష్టమున్నవాళ్ళకి కాసిని అంకెలు. ఒక వస్తువుని మీటరు మందాన తీసుకుని, రెండు ముఖాల మధ్య ఒక డిగ్రీ తేడా పెడితే, చదరపు మీటరుకి ఎన్ని వాట్ల వేడి దాటుతుందీ అనేది కొలత. రాగికి సుమారు 400. సత్తుకి, అంటే అల్యూమినియానికి, 200కి పైన. ఇనుముకి 80. స్టెయిన్‌లెస్ స్టీలుకి 15 దగ్గర్లో, అందుకే స్టీలు గరిటె కాడ అంత త్వరగా కాలదు. కాంక్రీటుకి ఒకటి, ఒకటిన్నర. నీళ్ళకి 0.6. కొయ్యకి 0.15 అటూ ఇటూ. గాలికి 0.025. రాగి నుంచి గాలి దాకా పదహారు వేల రెట్ల తేడా. ఈ జాబితాలో మనిషి ఎక్కడ నిలబడ్డాడు, దేన్ని తాకుతూ బతుకుతున్నాడు అన్నది ఫిజిక్సు పుస్తకంలో ఉండదు.

మా తాత పొగాకు బ్యారన్ దగ్గర మంట పెట్టేవాడు. బ్యారన్ మాది కాదు, ఆసామిది. కందుకూరు, టంగుటూరు, ఒంగోలు చుట్టుపక్కల తిరిగినవాళ్ళకి బ్యారన్ అంటే వేరే చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం: కిటికీలు పెద్దగా లేని, పొడుగాటి గదిలాంటి కట్టడం. లోపల అడ్డంగా దూలాలు, వాటి మీద కర్రలు, కర్రలకి అల్లిన పచ్చి వర్జీనియా ఆకు. కింద నేలమీద రేకు గొట్టాలు మెలికలు తిరిగి ఉంటాయి. బయట పొయ్యిలో కట్టెలు మండుతాయి. పొగ, నిప్పుసెగ ఆ గొట్టాల్లోంచి పోయి చిమ్నీలోంచి బయటపడతాయి. పొగ ఆకుకి తగలకూడదు, వేడి మాత్రమే తగలాలి. ఆ పని రేకు చేస్తుంది. ఒక వైపు పొగని ఆపుతుంది, రెండో వైపు వేడిని వదులుతుంది.

సంక్రాంతి వెళ్ళాక మొదలయ్యేది తాత పని. ఒక కాపు కాలడానికి ఐదారు రోజులు. మొదట ఆకు పసుపు తిరిగేదాకా 35 డిగ్రీలు అటూ ఇటూ, చాలా నెమ్మదిగా. తర్వాత ఆకు ఆరడానికి 50 దాటేదాకా. చివర్లో ఈనె ఎండటానికి 70 దాకా. తొందరపడితే ఆకు పచ్చగానే ఎండిపోయి రేటు పడిపోతుంది, ఆలస్యమైతే నల్లబడుతుంది. వేలంలో ఆసామికొచ్చే రేటు తాత కునుకు తియ్యకుండా ఉన్న రాత్రుల మీద ఆధారపడేది. ఆకు బాగా పండితే తాతకి వచ్చేది అదే కూలి. పాడైతే మాట పడేది తాతే.

ఆయన చెప్పినవాటిలో నాకు బాగా గుర్తున్నది మసి సంగతి. "గొట్టంలో మసి పేరుకుంటే ఎంత కట్టె తోసినా సెగ పైకి రాదురా. లోపలే తిరిగి బయటికి పోద్ది." కాలేజీకి పోయాక దాని లెక్క తెలిసింది. పల్చటి రేకుని దాటడం వేడికి పెద్ద పనేం కాదు. కష్టమంతా రేకుకి రెండు పక్కలా అంటుకున్న గాలి పొరల్ని దాటడంలో ఉంది. వాటికి తోడు మసి కూడా ఒక పొరైతే, కట్టెల డబ్బంతా చిమ్నీ దారి పడుతుంది. పేపర్లో దీన్ని ఫౌలింగ్ అంటారు. ఐదు మార్కుల ప్రశ్న. తాత అయితే ఏటా రేకు గొట్టాల్లో చెయ్యి దూర్చి మసి గీకేవాడు, భుజం దాకా నల్లబడేది.

కట్టెలు ఖరీదైపోయాక బ్యారన్‌కి ఇంకో పని మొదలైంది. పైకప్పు మీద వరిగడ్డి మందంగా పరవడం. లోపలి వేడి పైనుంచి పోకుండా గడ్డి ఆపుతుంది, కట్టె కలిసొస్తుంది. గడ్డి అంటే మళ్ళీ గాలే. వేల చిన్నచిన్న గొట్టాల్లో బందీగా ఉన్న గాలి. ఇది చాలా తెలివైన పని, తప్పు పట్టడానికేమీ లేదు. నాకు తట్టిందేమిటంటే, బ్యారన్ల మీదకి గడ్డి ఎక్కుతున్న ఆ రోజుల్లోనే మా వీధిలో ఇళ్ళ మీద నుంచి గడ్డి దిగిపోతోంది.

మా ఇల్లు నేను ఐదో తరగతి చదివేదాకా పూరిల్లు. మట్టిగోడలు, తాటాకు, దానిమీద బోద. జానెడు మందం ఉండేది కప్పు. ఎండాకాలంలో ఆ ఇంట్లోకి తల వంచి అడుగుపెడితే బావిలోకి దిగినట్టుండేది. ఇట్లా రాస్తుంటే పాత ఇల్లు ఎంత బాగుండేదో అని మురిసిపోతున్నట్టుంది, ఆ మురిపెం నాకేం లేదు. రెండు మూడేళ్ళకోసారి కప్పు తిరగెయ్యాలి, దానికి అప్పు చెయ్యాలి. వానకి కారేది. ఎలుకలు, వాటికోసం పాములు. వేసవిలో ఎక్కడ నిప్పురవ్వ లేచినా వీధంతా బిందెలు పట్టుకుని రాత్రంతా కూర్చునేవాళ్ళు. అన్నిటికంటే, పూరిల్లంటే ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలిసిపోయేది. మా నాన్నకి సంబంధం చూడ్డానికొచ్చినవాళ్ళు ఇల్లు చూసి గడప దాకా కూడా రాకుండా వెనక్కి పోయిన కథ ఇప్పటికీ ఇంట్లో నడుస్తుంది. కాబట్టి ముందు సిమెంటు రేకులేశారు. 2008లో ప్రభుత్వ పథకం డబ్బుకి మరికొంత అప్పు కలిపి స్లాబు పోశారు. స్లాబు పోసిన రోజు నాన్న వీధిలో అందరికీ లడ్లు పంచాడు. ఆ లడ్డు విలువ తెలియనివాళ్ళు పర్యావరణం గురించి వ్యాసాలు రాస్తుంటే నాకు కొంచెం చిరాకొస్తుంది.

కానీ లెక్క లెక్కే. జానెడు తాటాకు కప్పుని, ఐదంగుళాల కాంక్రీటుని పక్కపక్కన పెట్టి, లోపలికీ బయటికీ ఒకే తేడా ఉంటే, కాంక్రీటులోంచి ముప్ఫై రెట్లకు పైగా వేడి దిగుతుంది. అదొక్కటీ అయినా బాగుండేది. కాంక్రీటు వేడిని దాచుకుంటుంది కూడా. మధ్యాహ్నం ఒంటిగంట, రెండింటికి స్లాబు పైముఖం మండిపోతుంటే ఆ అల కింది ముఖానికి చేరేసరికి మూడు నాలుగు గంటలు పడుతుంది. బయట పొద్దు వాలి, పాకల వైపు నుంచి సముద్రపు గాలి తిరిగే వేళకి ఇంట్లో పైకప్పు అసలు పని మొదలుపెడుతుంది. రాత్రి పదకొండుకి మంచమ్మీద పడుకుని చెయ్యి పైకి చాపితే తెలిసేది, కప్పు మన మీద ఊపిరి వదులుతున్నట్టు. పొద్దున పుచ్చుకున్నది రాత్రి తిరిగిస్తుంది. ఎవరికిస్తోంది అన్నది దానికి పట్టదు.

ఇట్లా అలలుగా వేడి ఘనపదార్థంలో ఎట్లా నడుస్తుందో మొదట లెక్క కట్టినాయన జోసెఫ్ ఫోరియర్. నెపోలియన్ సైన్యంతో 1798లో ఈజిప్టు వెళ్ళాడు. తిరిగొచ్చాక గ్రెనోబుల్‌లో కలెక్టరులాంటి ఉద్యోగం చేస్తూ, ఫైళ్ళ మధ్య వేడి గురించి రాసుకున్నాడు. 1807లో ప్యారిస్ పండితులకి సమర్పిస్తే వాళ్ళు ఒప్పుకోలేదు. పుస్తకంగా 1822లో వచ్చింది. పగలూ రాత్రీ, ఎండాకాలం చలికాలం భూమి పైపొర వేడెక్కి చల్లబడుతుంటే, ఆ అల లోతుకి పోయేకొద్దీ ఎట్లా బలహీనపడి వెనకబడుతుందో ఆయన లెక్క చెబుతుంది. మా బావి నీళ్ళు మేలో చల్లగా, జనవరిలో వెచ్చగా తగలడానికి కారణం అదే. నీళ్ళు ఏడాదంతా దాదాపు ఒకేలా ఉంటాయి, మారేది పైనున్న మనం. ఈజిప్టు నుంచి వచ్చాక ఆయనకి చలి భయం పట్టుకుందనీ, గదులు మరీ వెచ్చగా ఉంచుకునేవాడనీ అంటారు. మే నెలలో మా స్లాబు కింద ఒక వారం ఉండుంటే ఆ భయం తీరిపోయేది.

2015 మే ఆఖరి పది రోజులు ఆ ప్రాంతం వాళ్ళెవరూ మర్చిపోరు. కోస్తాలో చాలా చోట్ల 45 దాటింది. పడమటి గాలి పొద్దున్నే మొదలై సాయంత్రం దాకా ఆగేది కాదు. దాని జోరుకి సముద్రపు గాలి లోపలికి రాలేకపోయింది. ఆంధ్రప్రదేశ్‌లోనే వడదెబ్బ చావులు వెయ్యి దాటాయి. ఎక్కువ మంది పోయిన జిల్లాల్లో మాది ఒకటి. చనిపోయినవాళ్ళ కుటుంబాలకి ప్రభుత్వం లక్ష రూపాయలు ప్రకటించింది.

నేను ఆ వారం ఇంటి దగ్గరే ఉన్నాను. మా నాయనమ్మది అప్పటికి డెబ్భై దాటిన వయసు. మధ్యాహ్నం భోజనం అయ్యాక మంచం వద్దని కొంగు పరుచుకుని గచ్చు మీద పడుకునేది. నున్నటి సిమెంటు గచ్చు. పడుకునే ముందు చెప్పులు విడిచి అరికాలు ఆనించి చూసేది, పాలు కాగాయో లేదో వేలు పెట్టి చూసినట్టు. ఒకరోజు కాలు ఆనించి అట్లాగే నిలబడిపోయింది.

"ఇయ్యాల గచ్చు చల్లగా లేదురా."

నా దగ్గర ఆన్‌లైన్లో కొన్న చిన్న డిజిటల్ థర్మామీటరుంది. గచ్చు మీద పెట్టి పైన గుడ్డ కప్పి కాసేపాగి చూస్తే 36. అంతకుముందు రోజుల్లో 33, 34 ఉండేది. రెండు డిగ్రీలే కదా అనిపిస్తుంది. కానీ సరిహద్దు సరిగ్గా అక్కడుంది. గచ్చు ఒంటికంటే చల్లగా ఉన్నంతసేపు వేడి ఒంట్లోంచి గచ్చులోకి పోతుంది. ఒంటిని దాటాక గచ్చే ఒంట్లోకి పంపుతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్ళు కూడా ఒక పాత బల్బంత, 80 నుంచి 100 వాట్లు, వేడి పుట్టిస్తూనే ఉంటుంది. దాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి. గచ్చు తీసుకోనని, గోడ తీసుకోనని, గాలి తీసుకోనని అన్నాక మిగిలేది చెమటొక్కటే. ముసలివాళ్ళకి చెమట సరిగ్గా పట్టదు. నాయనమ్మకి ఈ లెక్క చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే ఆమె ఆ రాత్రి నులక మంచం వేపచెట్టు కిందకి లాగించుకుంది. కింద నుంచీ గాలి ఆడే మంచం అది, స్లాబు మాట వినాల్సిన పనిలేదు.

పక్కింటి పెద్దమ్మని కూడా బయటికి రమ్మంది. ఆమె రాలేదు. కొడుకు మద్రాసులో, ఇంట్లో తానొక్కతే, తలుపులు తీసి బయట పడుకోవడం భయం. ఫ్యానుంది కదా అంది. వేడి ఒంటికంటే ఎక్కువైన గదిలో, చెమట పట్టని ఒంటి మీద, ఫ్యాను చేసేది వేడిగాలి తిరగెయ్యడమే.

తెల్లారి ఐదున్నరకి పాలబ్బాయి పిలిస్తే పలకలేదు. తలుపు తోసుకుని లోపలికెళ్ళారు. మంచమ్మీద పక్కకి తిరిగి ఉంది. నాయనమ్మ ముందు చెయ్యి పట్టుకుని చూసి, "ఒళ్ళు చల్లబడలేదు, బతికే ఉంది, డాక్టర్ని పిలవండి" అని కేకేసింది. నేనూ పట్టుకుని చూశాను. నిజంగానే చల్లగా లేదు. చెయ్యి తగిలినట్టే తెలియలేదు, నా చేతికి ఎంత వేడుందో దానికీ అంతే. ఎవరో మొహాన నీళ్ళు చల్లారు. ఎవరో అరిచేతులు రుద్దారు. ఊళ్ళో వైద్యం చేసే ఆయన బండి మీద వచ్చి, స్టెతస్కోపు పెట్టి, కంట్లో టార్చి వేసి చూసి, ప్రాణం పోయి రెండు మూడు గంటలై ఉంటుందన్నాడు. వీధిలో వాళ్ళు నమ్మలేదు. ఒళ్ళు వెచ్చగా ఉందిగదా అని ఆయనతో గొడవకి దిగారు.

మనిషి పోతే మనకి ముందు తెలిసేది తాకితేనే. ఒళ్ళు చల్లబడింది అంటాం, అంతకంటే ఇంకో మాట అవసరం ఉండదు. కానీ ఒళ్ళు చల్లబడాలంటే చుట్టూ ఉన్నది ఒంటికంటే చల్లగా ఉండాలి. ఆ గదిలో ఏదీ లేదు. రాత్రంతా స్లాబు దించుతూనే ఉంది. పరుపు, గోడ, గాలి అన్నీ ఆమెతో సమానమై ఉన్నాయి. వేడి పోవడానికి పల్లం ఎక్కడా లేదు. నాయనమ్మ పొద్దెక్కేదాకా ఆ చెయ్యి వదల్లేదు. "చల్లబడలేదే, చల్లబడలేదే" అని చిన్నగా గొణుక్కుంటూ కూర్చుంది.

లక్ష రూపాయల మాట వచ్చింది. ఎండలో పడి పోయినవాళ్ళకైతే వడదెబ్బ అని ఎవరైనా అంటారు. రాత్రిపూట, సొంతింట్లో, ఫ్యాను కింద మంచం మీద పోయిన డెబ్భై ఐదేళ్ళామెని వయసు మీద పోయిందనే అన్నారు. కొడుకు కూడా పోస్టుమార్టం వద్దన్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాతి ఏడాది మార్చిలోనే నాయనమ్మ పట్టుబట్టింది, డాబా మీద తాటాకు పందిరి వెయ్యమని. నాన్న ససేమిరా అన్నాడు. ఏసీ కొందాం, వాయిదాల్లో కడతాను, సున్నం కొట్టిద్దాం, పైన ఇంకో అంతస్తు లేపుదాం, ఏదైనా సరే గానీ డాబా మీద తాటాకేంది, నలుగురూ నవ్వరా అన్నాడు. ఇరవై ఏళ్ళు కష్టపడి తాటాకు దించింది మళ్ళీ ఎక్కించడానికా అన్నాడు. నాకు నాన్న బాధ అర్థమైంది. ఫిజిక్సు పరంగా చూస్తే తాటాకు, తెల్లరంగు, ఇంకో అంతస్తు అన్నీ పనిచేసేవే. కానీ ఆ గొడవ ఫిజిక్సుది కాదు.

నాయనమ్మ అన్నీ విని ఒకే మాటంది. "బ్యారన్‌కి కప్పుతారు గదరా గడ్డి. ఆకుకున్న ఇలవ నాకు లేదా?"

నాన్న దానికి జవాబు చెప్పలేదు. చొక్కా వేసుకుని బయటికిపోయాడు. సాయంత్రం తిరిగొచ్చి ఎవర్నడిగావు, ఎంతంట అన్నాడు.

తీరా చూస్తే తాటాకు నేసేవాళ్ళు ఊళ్ళో లేరు. ఒకప్పుడు వీధికి ఇద్దరుండేవాళ్ళు. నాలుగు ఊళ్ళు వాకబు చేస్తే సముద్రం ఒడ్డున ఒకాయన దొరికాడు. ఫోన్‌లో ఆయన మొదటి ప్రశ్న: "ఏ దాబాకండీ, హైవే మీదదా?" ఇప్పుడు తాటాకు కప్పులన్నీ హైవే హోటళ్ళకీ, బీచి రిసార్టులకేనట. ఇంటికని చెబితే కాసేపు నమ్మలేదు. రేటు మాత్రం హోటలు రేటే చెప్పాడు. స్లాబుకీ ఆకుకీ మధ్య నిలువెత్తు ఖాళీ వదిలి పందిరి నేశాడు. ఎండ ఆకు మీదే ఆగిపోతుంది, కింద గాలి ఆడుతుంది, స్లాబు దాకా చేరేది కొంచెమే. ఆ మేలో నా థర్మామీటరుతో కొలిస్తే రాత్రిపూట పైకప్పు అంతకుముందుకంటే నాలుగు డిగ్రీలు తక్కువ. గచ్చు 33. నాయనమ్మ అరికాలు ఆనించి చూసుకుని, కొంగు పరుచుకుని, నా అంకె వినకుండానే పడుకుంది.

నాన్న మాత్రం ఇప్పటికీ ఎవరైనా అడిగితే, అది ట్యాంకులో నీళ్ళు కాగకుండా వేయించిన పందిరని చెబుతాడు.